చెక్క గూడ్స్ షెడ్ నమూనా మురికిగా కాక పాతదిగా కనబడాలంటే ఏ క్రమంలో పని చేయాలి?

కంకరబాట (ప్రశ్న)

హెచ్‌ఓ స్కేలులో, అంటే నమూనా రైల్వేలకు వాడే 1:87 నిష్పత్తిలో, ఆవిరి ఇంజన్లు తగ్గిపోతూ డీజిల్ ఇంజన్లు వస్తున్న కాలాన్ని చూపే చిన్న బ్రాంచి లైను ఒకటి తయారు చేస్తున్నాను. అందులో స్టేషన్ పక్కన ఉండే గూడ్స్ షెడ్‌ను మాత్రం కిట్ కొనకుండా సొంతంగా కట్టాలనుకుంటున్నాను. కింద మోకాలెత్తు ఇటుక గోడ, దాని మీద నిలువు పలకల చెక్క గోడలు, పైన ముడతల రేకుల కప్పు ఉంటాయి. పట్టాల వైపు ఒకటి, బండ్లు వచ్చి ఆగే వైపు ఒకటి, పక్కకు జరిపే తలుపులు రెండుంటాయి. చెక్కకు బాస్‌వుడ్ బద్దలు, ఇటుకకు స్టైరీన్ ప్లాస్టిక్ షీటు, కప్పుకు ముడతలు నొక్కిన పలుచని అల్యూమినియం రేకు సిద్ధం చేసి పెట్టుకున్నాను.

అసలు గోడలు కోయకముందు అరచేతిలో సగం ఉండే ఒక ముక్క మీద పని మొత్తం చేసి చూశాను. పలకలను అట్ట మీద తెల్ల జిగురుతో అతికించి, ఆక్సైడ్ ఎరుపు ఆక్రిలిక్ రంగు వేసి, సాల్వెంట్ రకం మ్యాట్ వార్నిష్ స్ప్రే చేసి, అది ఆరిన తరువాత ఇండియా ఇంకు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను కుంచెతో రెండు మూడు సార్లు పూశాను. ముక్క అంచులు పైకి లేచి వంగాయి. పలకల సందుల్లో అక్కడక్కడ తెల్లటి పొర తేలింది. ఈ రెండింటికంటే నన్ను ఎక్కువగా వేధిస్తున్నది వేరొకటి ఉంది. ముక్క అంతా ఒకే తీరున నల్లబడటం వల్ల, అది ముప్పై నలభై ఏళ్లు ఎండకూ వానకూ నిలిచిన గోడలా కాక, నిన్న కట్టి ఈరోజు మసిగుడ్డతో తుడిచిన గోడలా ఉంది.

వంకరనూ తెల్ల పొరనూ ఎలా నివారించాలి? వెదరింగ్ పని, అంటే ఎండకూ వానకూ పాతబడినట్టు చూపే పని, గోడలు జోడించక ముందు చేయాలా, జోడించిన తరువాత చేయాలా? అన్నిటికంటే ముఖ్యంగా, ఎక్కడ ఎంత చేయాలన్నది మీరు దేని ఆధారంగా నిర్ణయిస్తారు? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.


చెక్కపేడు

కంకరబాట గారూ, వంకర సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే దానికీ రంగుకూ సంబంధం లేదు. చెక్క తేమను పీల్చుకున్నప్పుడు చార (చెక్క పీచు సాగే దిశ) వెంట పొడవు దాదాపుగా మారదు, చారకు అడ్డంగా మాత్రం ఉబ్బుతుంది. ఒక వైపే తడిస్తే ఆ వైపు ఉబ్బి, రెండో వైపు ఉన్నది ఉన్నట్టే ఉండిపోయి, పలక వంగక తప్పదు. మీరు వాడిన అట్ట కూడా జిగురులోని నీటిని పీల్చుకుని ఉంటుంది కాబట్టి వంకర రెండింతలైంది. గోడ వెనుక వైపున పలకలకు అడ్డంగా సుమారు 3 మి.మీ. మందం గల చదరపు బద్దలను దగ్గర దగ్గరగా అతికించండి. ముందు వైపు ఏ పూత వేసినా వెనుక వైపు కూడా అదే తడి తగిలేలా ఒక చేయి వేయండి. తరువాత రెండు గాజు పలకల మధ్య పెట్టి, పైన బరువు ఉంచి, పూర్తిగా ఆరేదాకా కదపకండి. ఆల్కహాల్ 70 శాతానిది వాడుతుంటే మిగిలిన 30 శాతం నీరేనని గుర్తుంచుకోవాలి. 90 శాతం దాటినది వాడితే చెక్క చాలా తక్కువగా కదులుతుంది. అది త్వరగా ఆవిరై మంట అంటుకునే పదార్థం కనుక, కిటికీ తెరిచి, నిప్పుకు దూరంగా పని చేయడం అవసరం.

ఇక క్రమం విషయానికి వస్తే, బద్దలను అతికించక ముందే వాటికి పాత చెక్క రంగు పట్టించాలి. జిగురు తగిలిన చోట ఇంకు లోపలికి దిగదు, ఆ మచ్చ తరువాత ఎంత పూసినా పాలిపోయినట్టే ఉంటుంది. అర లీటరు ఆల్కహాల్‌కు ఒకటి రెండు చిన్న చెంచాల ఇండియా ఇంకు చాలు. ఇంతకంటే చిక్కగా కలిపితే చెక్క బూడిద రంగులోకి రాదు, నేరుగా నలుపులోకి వెళ్తుంది. నేను బద్దలను మూడు కట్టలుగా విడదీసి, ఒక కట్టను ఒకసారి ముంచి తీస్తాను, రెండోదాన్ని ఆరాక మళ్లీ ముంచుతాను, మూడోదానికి ఇంకుతో పాటు కొద్దిగా గోధుమ రంగు కలిపిన ద్రావణం వాడతాను. గోడ కట్టేటప్పుడు మూడింటి నుంచీ చేతికి వచ్చినది తీసి వేసుకుంటూ పోతే పక్కపక్క పలకల మధ్య తేడా దానంతట అదే వస్తుంది. పూర్తయిన గోడ మీద కుంచెతో ఆ తేడాను గీయబోతే చాలా ఓపిక కావాలి, అయినా అది గీసినట్టే కనబడుతుంది.

చెక్క చారను స్పష్టం చేయడానికి ఇనుప తీగల బ్రష్‌ను బద్ద పొడవునా ఒకే దిశలో, బరువు పెట్టకుండా లాగాలి. నిజమైన 150 మి.మీ. వెడల్పు పలక మన స్కేలులో 1.7 మి.మీ. మాత్రమే ఉంటుంది. ఆ వెడల్పులో రెండు మూడు గీతలు కనబడితే చాలు, పది గీతలు పడితే అది పలకలా కాక పీచులా ఉంటుంది. లేచిన నూగును సన్నని ఉప్పు కాగితంతో ఒక్కసారి తుడిచి తీసేయండి.

పెచ్చులూడిన రంగు కావాలంటే వార్నిష్, వాష్ (ఇంకు కలిపిన పలుచని పూత) అన్న మీ వరుసను వదిలి మరో దారిలో వెళ్లమంటాను. ఇంకు పట్టించిన బద్దలతో గోడ పూర్తయి, బాగా ఆరిన తరువాత, వాసన లేని మినరల్ స్పిరిట్‌ను (ఆయిల్ రంగులను పలుచన చేసే ద్రావకం) పలుచగా పూయండి. పైన తడి మెరుపు పోయి, చెక్కలో ఇంకా తేమ ఉన్న ఆ కొద్ది నిమిషాలలో ఆక్రిలిక్ రంగును దాదాపు ఆరిపోయిన కుంచెతో వేయండి. రంగు బంక దశకు రాగానే మాస్కింగ్ టేపును వేలితో నొక్కి, చార వెంట పైకి లాగండి. రంగు ముక్కలు ముక్కలుగా టేపుతో వచ్చేస్తుంది, అడుగున బూడిద రంగు చెక్క బయటపడుతుంది. టేపు జిగురు మరీ ఎక్కువగా ఉంటే ముందు అరచేతికి ఒకటి రెండుసార్లు అతికించి తీసి వాడండి. ఊడిన ముక్కల అంచు నిజంగా పదునుగా ఉంటుంది. అది కుంచెతో వేసిన ఏ పెచ్చుకూ రాదు.


తుప్పురేకు

మొదటి రెండు ప్రశ్నలకు చెక్కపేడు గారు చెప్పినదానితో ఏకీభవిస్తాను, కానీ మీ అసలు ఇబ్బంది మూడో ప్రశ్నలో ఉందని నా అభిప్రాయం. గోడ మొత్తానికి ఒకే వాష్ పూస్తే గోడ మొత్తం ఒకే వయసులో ఉంటుంది. నిజమైన భవనంలో ఏ రెండు చోట్లకూ ఒకే వయసు ఉండదు. కుంచె పట్టకముందు భవనం చుట్టూ నాలుగు వైపులా నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. నీరు ఎక్కడ పడి ఎటు పోతుంది? ఎండ ఏ గోడకు ఎక్కువగా తగులుతుంది? పొగ ఎక్కడ తాకుతుంది? మనుషులూ సామానూ ఎక్కడ రాసుకుంటూ పోతారు? ఈ నాలుగింటికీ కాగితం మీద జవాబు రాసుకున్నవారికి రంగు డబ్బాలు చాలా తక్కువ కావాలి.

ఎండ సంగతే చూడండి. సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణాలు చెక్క పైపొరలోని లిగ్నిన్‌ను విచ్ఛిన్నం చేస్తాయి, విరిగిన పదార్థాన్ని వాన కడిగేస్తుంది, మిగిలిన సెల్యులోజ్ బూడిద రంగులో కనబడుతుంది. అంటే చెక్క బూడిద రంగులోకి రావాలంటే ఎండా వానా రెండూ తగలాలి. చూరు కింద ఉండే జానెడు భాగానికి రెండూ సరిగా తగలవు కాబట్టి అక్కడ చెక్క గోధుమ రంగులోనే మిగిలిపోతుంది, వేసిన రంగు కూడా అక్కడే ఎక్కువ కాలం నిలుస్తుంది. నేల దగ్గర పరిస్థితి దీనికి తలకిందులుగా ఉంటుంది. చూరు నుంచి పడిన నీరు నేలను కొట్టి, మట్టితో సహా గోడ అడుగు భాగం మీదికి చిందుతుంది. పలకల కింది కోసలు ఆ నీటిని చార వెంట పైకి పీల్చుకుంటాయి, కనుక రంగు ముందుగా ఊడేదీ, పలక ముందుగా కుళ్లేదీ అక్కడే. కాబట్టి టేపుతో రంగు ఊడదీసేటప్పుడు అడుగున ఎక్కువగా, నడుమ కొద్దిగా, చూరు కింద అసలు లేకుండా చేయండి. ఈ ఒక్క తేడా వల్ల గోడ సగం పాతబడిపోతుంది.

మీది గూడ్స్ షెడ్ కనుక పట్టాల వైపు గోడకూ బండ్ల వైపు గోడకూ పోలికే ఉండకూడదు. ఇంజన్ పొగ చూరు కింద చేరి, తలుపు పై అంచున మసిగా పేరుకుంటుంది. ఇనుప బ్రేకు దిమ్మెలు చక్రాల మీద అరిగి రాలిన ధూళి గోడ అడుగున తుప్పు కలిసిన గోధుమ రంగులో పరుచుకుంటుంది. అంటే ఆ వైపు గోడ పైన నల్లగా, కింద ఎర్రమట్టి రంగులో, మధ్యలో కాస్త శుభ్రంగా ఉంటుంది. బండ్ల వైపు మసి ఉండదు, దాని బదులు రాపిడి ఉంటుంది. తలుపు కింది పలకలు సామాను తగిలి నెర్రెలు విచ్చి ఉంటాయి. ఒకటి రెండు మార్చి కొత్తవి వేసి ఉంటారు, వాటికి రంగు వేసే తీరిక ఎవరికీ దొరికి ఉండదు. చేతితో పట్టుకుని లాగే చోట రంగు అరిగి, చెక్క నునుపుగా, కొద్దిగా ముదురుగా ఉంటుంది. తలుపు జరిగే దారిలో గోడ మీద సన్నని గీత పడుతుంది, పైనున్న ఇనుప పట్టా నుంచి తుప్పు చారలు దిగుతాయి. వీటిలో దేనికీ ఎయిర్‌బ్రష్ అక్కరలేదు, చిన్న కుంచె, పాస్టెల్ సుద్ద పొడి చాలు.

రేకుల కప్పు విషయంలో కొంచెం ఎక్కువగా చెప్పదలచుకున్నాను, ఎందుకంటే చూసేవారి కన్ను ముందుగా పడేది కప్పు మీదనే. చాలామంది కప్పు మొత్తానికి ఒకే పెద్ద షీటు వేసి దాని మీద తుప్పు రంగు చల్లుతారు. అసలు కప్పు విడివిడి రేకులతో వేస్తారు. 2.4 మీటర్ల రేకు 1:87లో దాదాపు 28 మి.మీ. ఉంటుంది, పై రేకు కింది రేకు మీద 150 మి.మీ. ఎక్కిందనుకుంటే మన నమూనాలో అది 1.7 మి.మీ. అవుతుంది. అందుకని మీ అల్యూమినియాన్ని విడి రేకులుగా కోసి, చూరు నుంచి మొదలుపెట్టి కొప్పు వైపు వరుసలు పేర్చండి. అతికించక ముందు ప్రతి రేకుకూ ప్రైమర్ వేయాలి, లేకపోతే నున్నని లోహం మీద వాష్ బొట్లు బొట్లుగా ముడుచుకుంటుంది. ప్రైమర్ తరువాత రేకులన్నిటికీ ఒకే బూడిద రంగు వేయకుండా, కొన్నిటిని కాస్త నీలం వైపు, కొన్నిటిని కాస్త గోధుమ వైపు జరపండి.

జింకు పూత ఉన్నంతకాలం అది తాను కరిగిపోతూ అడుగున ఉన్న ఇనుమును కాపాడుతుంది. కాబట్టి రేకు మొదట తెల్లబారి, మెరుపు పోగొట్టుకుంటుంది. పూత తరిగిన చోట మాత్రమే ఎర్ర తుప్పు పుడుతుంది. తేమ ఎక్కువసేపు నిలిచే అతుకుల దగ్గర, మేకు రంధ్రాల చుట్టూ, చూరు అంచున అది మొదలవుతుంది. ఒక రేకు పూర్తిగా తుప్పు పట్టినా, దాని పక్కనే తరువాతి కాలంలో వేసిన రేకు ఇంకా బూడిద రంగులో ఉండవచ్చు. ఆ రెండింటి మధ్య సరిహద్దు గీత గీసినంత పదునుగా ఉంటుంది. తుప్పు నీటి చార మాత్రం ఆ సరిహద్దును లెక్కచేయకుండా ముడత పల్లం వెంట కింది రేకు మీదికి జారుతుంది. తుప్పుకు నారింజ రంగు వాడవలసి వస్తే చారల కోసల్లోనే వాడండి. పాత తుప్పు ముదురు చాక్లెట్ రంగులో ఉంటుంది, కప్పు నిండా నారింజ వేస్తే అది నిన్నటి తుప్పులా ఉంటుంది.


నీడగోడ

తెల్ల పొర గురించి ఎవరూ చెప్పలేదు కనుక నేను చెబుతాను. సాల్వెంట్ రకం మ్యాట్ వార్నిష్ మీద ఆల్కహాల్ పూస్తే పొర పైభాగం దెబ్బతిని, సూక్ష్మంగా గరుకుబారి, కాంతిని అన్ని వైపులకూ చెదరగొడుతుంది. మీరు చూస్తున్న తెలుపు ఇదే. మీరు వార్నిష్, ఆ వెంటనే ఆల్కహాల్ వాడారు కాబట్టి కారణం ఇదేనని దాదాపు నిశ్చయంగా అనుకోవచ్చు. పరీక్ష కావాలంటే ఆ చోట ఒక చుక్క మినరల్ స్పిరిట్ వేయండి. తడి ఉన్నంతసేపు తెలుపు మాయమై, ఆరగానే తిరిగి వస్తే రంగు పాడైపోలేదని, లోపం పైపొరలోనే ఉందని అర్థం. అదే వార్నిష్‌ను మరొకసారి పలుచగా స్ప్రే చేస్తే చాలావరకు పోతుంది.

ఇదే తెలుపు ఇంకో మూడు కారణాల వల్ల కూడా వస్తుంది కనుక మరొకసారి వస్తే వాటినీ చూసుకోవాలి. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజున స్ప్రే చేస్తే సాల్వెంట్ ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, తేమ అక్కడే చేరి పొర పాలిపోతుంది. డబ్బాను సరిగా కుదపకపోతే మెరుపును తగ్గించే పొడి ఒకచోట పేరుకుని సందుల్లో తేలుతుంది. సూపర్ గ్లూ ఆరేటప్పుడు వెలువడే ఆవిరి దగ్గరలో ఉన్న ఉపరితలాల మీద, ముఖ్యంగా కిటికీ గాజుల మీద, తెల్లగా పేరుకుంటుంది. ఈ చివరి కారణం వల్లనే కిటికీలకు గాజు పెట్టే పనిని అందరూ చివరికి వదిలేస్తారు, గాజును తెల్ల జిగురుతోనో పారదర్శక ఆక్రిలిక్ వార్నిష్‌తోనో అతికిస్తారు.

పొరల విషయంలో ఒక సూత్రం పాటిస్తే చాలు. పైన వేయబోయే పూతలోని ద్రావకం కింద ఉన్న పూతను కరిగించకూడదు. ఆక్రిలిక్ రంగు మీద ఆల్కహాల్ వాష్‌ను గట్టిగా రుద్దితే రంగు లేచి వస్తుంది. అదే ఆక్రిలిక్ మీద మినరల్ స్పిరిట్‌లో కరిగించిన ఆయిల్ రంగు వాష్ ఎంతసేపు ఆడించినా కింది రంగుకు ఏమీ కాదు. నచ్చకపోతే మరునాడు కూడా స్పిరిట్ తడిపిన కుంచెతో తుడిచేయవచ్చు. అందుకే చారలు, మసి వంటి దిద్దుబాటు పనులకు నాకు ఆయిల్ రంగులే ఇష్టం. వాటితో తొందర లేదు, చుక్క పెట్టి, శుభ్రమైన చదును కుంచెతో పై నుంచి కిందికి లాగి, వెనక్కి జరిగి చూసి, ఎక్కువైందనిపిస్తే సగం తుడిచేసుకోవచ్చు.

సుద్ద పొడి విషయంలో ఒక హెచ్చరిక. పొడిని మీరు ఎంతో శ్రమపడి సరైన మోతాదులో అద్దిన తరువాత మ్యాట్ వార్నిష్ స్ప్రే చేస్తే అందులో పెద్ద భాగం కనబడకుండా పోతుంది. మొదటే రెండింతలు వేయడం ఒక మార్గం, స్ప్రే చేయకుండా వదిలేయడం మరొక మార్గం. కప్పు, చూరు కింది భాగం వంటివి చేతితో పట్టుకునేవి కావు కాబట్టి నేను రెండో మార్గాన్నే ఎంచుకుంటాను. సుద్దను ఉప్పు కాగితం మీద రుద్ది పొడి చేసేటప్పుడు మాస్క్ వేసుకోవడం మంచిది.


పాత సిగ్నల్

మిత్రులు చెప్పినవి అన్నీ ఉపయోగపడేవే, కానీ ఇంతవరకు దూరం గురించి ఎవరూ మాట్లాడలేదు. మనం నమూనాను 60 సెం.మీ. దూరం నుంచి చూస్తున్నామంటే, 1:87 లెక్కన అసలు భవనాన్ని 52 మీటర్ల దూరం నుంచి చూస్తున్నట్టు. అంత దూరం నుంచి మేకు తలలు కనబడవు, ఒక్కొక్క పలక చారా కనబడదు. సూది మొనతో పలకల మీద మేకు గుర్తులు పొడిచే అలవాటును నేను ఎప్పుడూ ప్రోత్సహించను. 0.3 మి.మీ. గుంట అంటే అసలు గోడ మీద 26 మి.మీ. గుంట! పలకల మధ్య రంగు తేడా, చూరు కింది నీడ, తుప్పు చార ఆ దూరం నుంచి కూడా కనబడతాయి కాబట్టి శ్రమంతా వాటి మీద పెట్టడం న్యాయం.

దూరం వల్ల మరొకటి జరుగుతుంది, రంగులు లేతబడతాయి. అసలు భవనానికి వేసిన డబ్బాలోని రంగునే తెచ్చి నమూనాకు వేస్తే అది ముదురుగా, బరువుగా కనబడుతుంది. నేను ప్రతి రంగులోనూ కొద్దిగా లేత బూడిద కలుపుతాను. స్వచ్ఛమైన నలుపును ఎక్కడా వాడను. మసికి కూడా గోధుమ కలిసిన ముదురు బూడిదే వాడతాను. మీ ముక్క మసిగుడ్డతో తుడిచినట్టు ఉందన్నారు. ఇంకులోని శుద్ధమైన నలుపు కూడా అందుకు కొంత కారణం కావచ్చు. ఇంకొక సంగతి, రంగు వేసే బల్ల మీద ఉన్న దీపం, లేఅవుట్ (రైలు నమూనా మొత్తం అమరిక) మీద ఉన్న దీపం ఒకే రకానివి కావాలి. 6500 కెల్విన్ తెల్లని వెలుగులో చక్కగా కుదిరిన బూడిద రంగు 2700 కెల్విన్ పసుపు వెలుగులోకి వెళ్తే మరో రంగైపోతుంది.

ఇటుక గోడకు ఇంత శ్రమ అక్కరలేదు. షీటుకు ముందు ప్రైమర్, దాని మీద ఇటుక రంగు వేయండి. బాగా ఆరాక, పదింటిలో ఒకటి రెండు ఇటుకలను సన్నని కుంచెతో కొద్దిగా ముదురు, కొద్దిగా లేత రంగులతో విడిగా దిద్దండి. ఆ తరువాత లేత బూడిద ఆక్రిలిక్‌ను నీళ్లలా పలుచగా కలిపి పూసి, సందుల్లోకి దిగగానే పైన ఉన్నదాన్ని చదునైన తడి గుడ్డతో తుడిచేయండి. సందులకు తెలుపు వాడకండి. 10 మి.మీ. సందు మన స్కేలులో 0.11 మి.మీ. మాత్రమే కావాలి, అమ్మకానికి వచ్చే షీట్లలో అది ఎలాగూ అంతకంటే వెడల్పుగానే ఉంటుంది. దానికి తెలుపు తోడైతే గోడ మీద వల పరిచినట్టు ఉంటుంది. నేలకు దగ్గరగా ఉన్న రెండు మూడు వరుసల్లో, లోపలి లవణాలు నీటితో బయటికి వచ్చి ఆరిన తెల్ల మచ్చలను సుద్ద పొడితో కొద్దిగా చూపవచ్చు.

ఇటుక పనిలో ఓపిక ఎంత దూరం పోగలదో చూడాలనుకుంటే ఇంగ్లండ్‌లో రాయ్ ఇంగ్లండ్ స్థాపించిన పెండన్ మ్యూజియంలోని ఇళ్ల ఫోటోలు చూడండి. 1:76 స్కేలులో, అట్టతో కట్టి, నీటి రంగులతో దిద్దిన పల్లెటూరి ఇళ్లు అవి. అక్కడ పాతదనం చాలా మెల్లగా ఉంటుంది, ఏదీ కళ్లలో పొడుచుకోదు.


చెక్కపేడు

పాత సిగ్నల్ గారి లెక్క సరైనదే, కానీ 52 మీటర్ల వాదనతో పూర్తిగా ఏకీభవించలేను. లేఅవుట్‌ను ఈ రోజుల్లో కంటితో చూసేవారికంటే ఫోన్ కెమెరాతో చూసేవారే ఎక్కువ. కెమెరాను రైలు పట్టాల మీద పెట్టి తీసిన ఫోటోలో దూరం 60 సెం.మీ. కాదు, పది సెంటీమీటర్లు కూడా ఉండదు. కాలిఫోర్నియాలోని మాంటెరీలో గోర్ అండ్ డఫెటిడ్ లేఅవుట్‌ను నిర్మించిన జాన్ ఆలెన్‌ను వెదరింగ్‌కు మొదటి తరం గురువుగా చెప్పుకుంటారు. ఆయన ఫోటోగ్రాఫర్ కూడా. 1973లో ఆయన మరణించిన కొద్ది రోజులకే ఆ లేఅవుట్ అగ్నిప్రమాదానికి గురైంది. ఈనాడు మనకు తెలిసిన ఆ లేఅవుట్ ఆయన ఫోటోలలో ఉన్నదే. కాబట్టి లేఅవుట్ ముందు అంచుకు దగ్గరగా ఉండే భవనానికి దగ్గరి వివరాలు ఉండటంలో తప్పు లేదు, వెనుక గోడ దగ్గర ఉండేదానికి అక్కరలేదు. మేకు గుంటలు మాత్రం పెద్దవన్నది ఒప్పుకుంటాను. కొన్ని పలకల మీద, మేకు ఉండవలసిన చోట, గుంట లేకుండా పెన్సిల్ మొనతో చుక్క పెట్టి, కింద వెంట్రుకంత తుప్పు చార లాగితే ఇద్దరి మాటా నిలుస్తుంది.


కంకరబాట

అందరికీ కృతజ్ఞతలు. తెల్ల పొర మీద మినరల్ స్పిరిట్ చుక్క వేసి చూశాను, నీడగోడ గారు చెప్పినట్టే మాయమై తిరిగి వచ్చింది. పలుచగా మరొక పూత వార్నిష్ కొట్టగా పోయింది. భవనం లేఅవుట్ ముందు అంచు నుంచి చేతి దూరంలోనే ఉంటుంది కాబట్టి పట్టాల వైపు గోడకు దగ్గరి వివరాలు, బండ్ల వైపు గోడకు రాపిడి గుర్తులు మాత్రమే చేయాలని అనుకుంటున్నాను. మిగిలిన సందేహాలు రెండు. గోడలు విడిగా ఉన్నప్పుడు ఎంతవరకు చేసి, జోడించాక ఏది చేయాలి? పూర్తయిన భవనాన్ని నేల మీద పెట్టినప్పుడు అడుగున సందు కనబడకుండా ఎలా కూర్చోబెట్టాలి?


తుప్పురేకు

విడి గోడల మీద చేయవలసినవి చెక్క రంగు, పెచ్చులు, ఇటుక, తలుపులు, అంటే బల్ల మీద పరుచుకుని చేస్తేనే కుదిరేవన్నీ. జోడించాక చేయవలసినవి ఒక భాగం నుంచి మరొక భాగం మీదికి ప్రవహించేవి. కప్పు నుంచి గోడ మీదికి దిగే నీటి చార, మూలను చుట్టుకుని వచ్చే ధూళి, వాననీటి పైపు అతుకు దగ్గర కారి గోడ మీద ఏర్పడిన పాచి ఈ కోవలోకి వస్తాయి. వీటిని విడి గోడ మీద చేస్తే మూల దగ్గర చార తెగిపోయినట్టు కనబడి రహస్యం బయటపడుతుంది. మూలల్లో బద్దల తెల్లటి కోత అంచులు కనబడుతుంటే, జోడించిన వెంటనే అదే ఇంకు ద్రావణాన్ని సన్నని కుంచెతో అంచు మీద తాకించండి. పాచికి ఆకుపచ్చ రంగు డబ్బా తెరవకండి, పసుపు మట్టి రంగులో కొద్దిగా ముదురు బూడిద కలిపితే వచ్చే మురికి ఆకుపచ్చ సరిపోతుంది.


చెక్కపేడు

రెండో సందేహానికి జవాబు. భవనాన్ని నేల మీద పెట్టకూడదు, నేలలోకి దించాలి. ఇటుక గోడ ఎత్తును 3 మి.మీ. ఎక్కువగా కోసుకోండి. లేఅవుట్ ఫోమ్‌లో గాని ప్లాస్టర్‌లో గాని భవనం ఆకారంలో అంత లోతు గుంట చేసి, అందులో కూర్చోబెట్టండి. అప్పుడు అడుగున వెలుతురు దూరే సందు ఉండదు, లోపల దీపం పెట్టినా వెలుగు బయటికి కారదు. గుంట అంచున మిగిలే సన్నని ఖాళీని జల్లించిన పొడి మట్టితో నింపి, చూరు నీరు పడే గీత వెంట సన్నని కంకర కొద్దిగా, గోడ మూలల్లో కలుపు మొక్కలు కొద్దిగా వేయండి.

దీనిలో ఒక్క జాగ్రత్త ఉంది. మట్టిని నిలపడానికి మనం చుక్కలుగా వేసే పలుచని తెల్ల జిగురు నీళ్లు పట్టు దొరికితే గోడ మీదికి పాకుతాయి. ఇటుక భాగం స్టైరీన్ కనుక దానికి ఏమీ కాదు, కానీ నేల దాకా దిగే తలుపుల కింది చెక్క ఆ నీటిని పీల్చుకుని, ఆరాక మెరిసే మరకను మిగుల్చుతుంది. అందువల్ల తలుపుల కింది అంచుకు, రెండు వైపులా, ముందే మ్యాట్ వార్నిష్ పట్టించండి. భవనాన్ని గుంటలో శాశ్వతంగా అతికించకండి. జిగురు వేసేటప్పుడు దాన్ని బయటికి తీసి, గుంటలో అదే కొలత గల, ప్లాస్టిక్ కవరు చుట్టిన చెక్క దిమ్మెను ఉంచి మట్టి పని పూర్తి చేయండి. మట్టి ఆరాక దిమ్మె తీసి భవనాన్ని దించితే, రేపు కప్పు మీద మరొక తుప్పు చార వేయాలనిపించినా దాన్ని తిరిగి బల్ల మీదికి తెచ్చుకోవచ్చు.